మామిడి టెంకా, నాలుగొందల డాలర్ల చాకూ

మా మేనల్లుడు డాలస్ నుంచి దిగిన రోజు శనివారం. స్నానమైనా చెయ్యకుండా సూట్‌కేసు తెరిచి, "మావయ్యా, ఇది నీకు" అంటూ నల్ల డబ్బా ఒకటి నా చేతిలో పెట్టాడు. లోపల చాకు. మా అక్క వంటింట్లోంచి తొంగిచూసి, "శనివారం పూట ఇనుము ఇంట్లోకి తేకూడదురా" అంది. "ఇది ఇనుము కాదమ్మా, ఉక్కు. పిడి టైటానియం" అన్నాడు వాడు. శాస్త్రాల్లో టైటానియం ఊసు లేదు గనక మా అక్క గరిటె పట్టుకుని వెనక్కి వెళ్లిపోయింది.

ధర అడక్కూడదు గాని అడిగాను. నాలుగొందల డాలర్ల పైచిలుకట. బడిపంతులుగా రిటైరైన నెలలో నేనందుకున్న జీతం ఇంచుమించు అంతే.

చూడ్డానికి ఏమంత ఆర్భాటం లేదు. బూడిదరంగు పిడి, వేలెడు పొడుగు కత్తి. బొటనవేలితో కాస్త నెట్టగానే నూనె రాసిన తలుపులా తెరుచుకుని టక్కుమని నిలబడింది. ఎంత ఊపినా కదలదు. తాళం ఎక్కడుందా అని కళ్లజోడు పెట్టుకుని వెతికితే విడిగా తాళమంటూ ఏమీ లేదు. పిడికి రెండు రేకులుంటే, ఒక రేకును పొడుగునా చీల్చి ఆ చీలికను కొంచెం లోపలికి వంచారు. కత్తి పూర్తిగా తెరుచుకోగానే అది లోపలికొచ్చి కత్తి మడమ వెనక అడ్డం నిలుస్తుంది. గుప్పిట బిగించినకొద్దీ తాళమూ బిగుస్తుంది. చాకు మూసుకుపోయి వేళ్లు తెగుతాయన్న భయం లేదు. ఈ ఏర్పాటు క్రిస్ రీవ్ అనే ఆయనది. దక్షిణాఫ్రికా నుంచి 1989లో అమెరికాకు వలస వెళ్లి, ఐడహో రాష్ట్రంలో దుకాణం పెట్టాడు. ఆయన చేసిన చాకు పేరు సెబెంజా. జులూ భాషలో ఆ మాటకు 'పని' అని అర్థం. నాకొచ్చింది ఆయన దుకాణంది కాదు గాని, తరహా అదే.

పని అని పేరున్న జాతి చాకుతో నేను మొదటి పదిరోజులూ చేసిన పని కొరియర్ కవర్లు చించడం. వేరుశెనగ గింజంత పనికి ఏనుగంత పనిముట్టు.

మా వాడు మాత్రం మడిచే కత్తిని నేను పుట్టి బుద్ధెరిగి చూడనట్టు మాట్లాడాడు. గుడివాడలో మా తాతగారికి గడ్డం గీసిన మంగలి కత్తి మడిచేదే. తోలుపట్టీ మీద ఇటు నాలుగు, అటు నాలుగు చరిచి, గాల్లో ఒకసారి తిప్పి, తాతగారి గొంతు మీద పెట్టేవాడాయన. ఊళ్లో అందరికంటే పదునైన ఉక్కు పట్టుకున్న మనిషి ముందు ఊరి పెద్దలందరూ మెడ చాచి కూర్చునేవారు. అంతకంటే నమ్మకం ఎక్కడుంది? ఎయిడ్స్ భయం వచ్చాక ఆ కత్తి పోయి సగానికి విరిచిన బ్లేడు వచ్చింది. తోలుపట్టీ గోడకు కొన్నాళ్లు వేలాడి అదీ పోయింది. ఇక కత్తిపీట సరేసరి. కాలితో పీట తొక్కిపెట్టి, రెండు చేతులూ ఖాళీగా ఉంచుకుని కూరగాయను కత్తి దగ్గరికి తీసుకెళ్లే పనిముట్టు ఎవడు కనిపెట్టాడో గాని మహానుభావుడు. ఇప్పుడు బందరు బజారులో అవి కూడా మడిచేవే దొరుకుతున్నాయి.

*

ఏప్రిల్ ఆఖరు. నాగాయలంక దగ్గర మా మేనత్తగారి ఊళ్లో ఆవకాయ పెట్టే రోజు. ఆవిడకు ఎనభై దాటాయి. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఆ ఇల్లు గోడలతో సహా పోయింది. వారం తర్వాత బురదలో వెతుక్కుంటే దొరికిన సామానులో కత్తిపీట ఒకటి. పీట పనికిరాకుండా పోయింది. కత్తి మాత్రం గుర్తుపట్టలేనంత తుప్పుతో దొరికింది. అవనిగడ్డలో కమ్మరి దాన్ని కొలిమిలో పెట్టి, సాగగొట్టి, పదును పెట్టి ఇచ్చాడు. వడ్రంగి తుమ్మచెక్క పీట వేశాడు. దివిసీమలో ఇళ్లన్నీ కొత్తవే, మా మేనత్త కత్తిపీట తప్ప.

ఆ పూట ఆవకాయ కత్తి పక్కింటివాళ్లు పట్టుకెళ్లారు, ఇంకా తేలేదు. కాయలు కడిగి తుడిచి ఆరబెట్టి ఉన్నాయి. నాకు జేబులో చాకు గుర్తొచ్చింది. ఆవకాయ ముక్కకు టెంక అంటుకుని ఉండాలన్నది తెలిసిందే. కాయ నిలబెట్టి, చాకు ఆనించి నొక్కాను. కండ దాకా వెన్న కోసినట్టు దిగి టెంకలో ఇరుక్కుంది. పట్టుదల పెరిగింది. పక్కనే ఉన్న పచ్చడిబండ తీసి చాకు వీపు మీద ఒక్కటి ఇచ్చాను. కాయ రెండు చెక్కలైంది. చాకు వాదర కూడా రెండుచోట్ల పెళ్లు ఊడి, పాలపళ్లు రాలిన పిల్లాడి నోరులా నవ్వింది.

"అదెందుకురా, కత్తిపీట లేదూ?" అంది మా మేనత్త. మిగతా కాయలన్నీ తనే తరిగింది, టెంక దగ్గర కాయను కత్తికి ఆనించి బండతో మెల్లగా తడుతూ. కత్తిపీటకు ఏమీ కాలేదు.

రాత్రి డాలస్‌కు ఫోను చేసి నేరం ఒప్పుకున్నాను. మా వాడు తిట్టలేదు, పాఠం చెప్పాడు. అది ఇంకా ఘోరం. గట్టిదనం వేరు, పెళుసు కాకపోవడం వేరు, ఒకటి పెంచితే రెండోది తగ్గుతుంది, చాకు ఉక్కు చేసేవాళ్లు నూరేళ్లుగా ఈ రెంటి మధ్య తక్కెడ పట్టుకుని కూర్చున్నారు అన్నాడు. పలచని వాదర కొయ్యడానికి, బండతో బాదడానికి కాదు. "పోన్లే, సాన పట్టించు" అన్నాడు చివరికి.

బందరులో ఇప్పటికీ సాన పట్టేవాళ్లు వీధుల్లోకి వస్తారు. సైకిలు స్టాండు వేసి, దాని మీదే కూర్చుని తొక్కితే ముందున్న రాతిచక్రం తిరుగుతుంది. మా వీధికి వచ్చే ఆయన కత్తెర చూడగానే ఏ దర్జీదో చెప్పగలడు. చాకు చేతిలో తిప్పి చూసి, "మంచి సరుకండీ" అని చక్రానికి ఆనించాడు. నిప్పురవ్వలు పలచగా వచ్చాయి. కాసేపు తొక్కాడు, ఆపి చూశాడు, మళ్లీ తొక్కాడు. చెమట పట్టింది. "మాష్టారూ, నా రాయి అరుగుతోందిగాని ఇది అరగట్లేదండీ" అని చాకు తిరిగిచ్చేశాడు. కష్టానికి డబ్బులిస్తానంటే పుచ్చుకోలేదు. పని అవ్వలేదుగా అన్నాడు.

అక్కడ మొదలైంది నా కుతూహలం. బందరు సాన చక్రానికి లొంగని ఈ ఉక్కు ఏమిటి?

*

దాని పేరు ఎస్30వీ. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని క్రూసిబుల్ అనే కంపెనీ 2001లో తెచ్చింది. డిక్ బార్బర్ అనే లోహశాస్త్రజ్ఞుడు చాకులు చేసేవాళ్లతో, ముఖ్యంగా ఇందాక చెప్పిన క్రిస్ రీవ్‌తో మాట్లాడి, వాళ్లకు కావలసినట్టు కూర్చాడు. అంతకుముందు దాకా చాకుల వాళ్లు బేరింగుల కోసమో, మరలకోసమో పుట్టిన ఉక్కును తెచ్చి వాడుకునేవారు. దీన్ని మాత్రం చాకుకోసమే వండారు. నూటికి 1.45 పాళ్లు కార్బను, 14 పాళ్లు క్రోమియం, 4 పాళ్లు వెనేడియం, 2 పాళ్లు మాలిబ్డినం. క్రోమియం ఉంది గనకే మా బందరు ఉప్పుగాలికి కూడా అంత తేలిగ్గా తుప్పు పట్టదు. మా ఇంటి కిటికీ చువ్వలు ఏ సంగతి చెబుతాయో సముద్రం పక్కన ఉండేవాళ్లకు తెలుసు.

కార్బను ఈ లోహాలతో జతకట్టి కార్బైడ్ అనే గట్టి రేణువులవుతుంది. మెత్తగా ఉడికిన పప్పులో అక్కడక్కడ ఉడకని బద్దలు తగిలినట్టు ఉక్కులో ఇవి పరుచుకుని ఉంటాయి. వాదర అరక్కుండా కాపాడేవి ఇవే. వెనేడియం కార్బైడ్ మరీ గట్టిది. సాన చక్రాల్లో మామూలుగా ఉండే అల్యూమినా దానికి చాలదు. చక్రం చుట్టూ ఉన్న మెత్తని ఉక్కును అరగదీస్తుంది, బద్దల దగ్గరికొచ్చేసరికి జారిపోతుంది. సాన ఆయన ఓడిపోయింది అందుకే.

చిక్కేమిటంటే ఇంత వెనేడియం వేసి కరిగించి మామూలుగా పోతపోస్తే, చల్లారేలోపు ఆ బద్దలు పెరిగి గడ్డలవుతాయి. గడ్డలున్న ఉక్కు చాకుకు పనికిరాదు. దీనికి వాళ్లు చేసిన ఉపాయం బందరువాళ్లకు చెప్పాలంటే ఒక్క ముక్క చాలు: తొక్కుడు లడ్డూ. మనవాళ్లు శనగపిండితో సన్నపూస వేయించి, దాన్ని దంచి, జల్లించి, ఆ మెత్తని పొడికి బెల్లం పాకమూ నెయ్యీ పట్టించి మళ్లీ దంచి ఉండ కడతారు. అందుకే బందరు లడ్డూలో ఎక్కడ కొరికినా ఒకటే మెత్తదనం. వాళ్లూ అంతే. కరిగిన ఉక్కు ధారను వాయువుతో చెదరగొట్టి సన్నని బొట్లు చేస్తారు. ఒక్కొక్క బొట్టూ కళ్లు మూసి తెరిచేలోపు గడ్డకడుతుంది, అందులో గడ్డలు పెరగడానికి వ్యవధి ఉండదు. ఆ పొడిని డబ్బాలో బిగించి, వేడీ ఒత్తిడీ పెట్టి ముద్ద చేస్తారు. 1970 నుంచి ఆ కంపెనీ ఇలా చేస్తూ వచ్చింది.

కంపెనీ పేరుకు అర్థం చూద్దామని నిఘంటువు తీశాను. క్రూసిబుల్ అంటే మూస. కంసాలి బంగారం కరిగించే మూస. 1900లో అక్కడి 13 మూస ఉక్కు కంపెనీలు కలిసి ఒకటైతే ఈ పేరు పెట్టుకున్నాయట. మూసలో ఉక్కు అనగానే నా వేలు బందరు రేవు వైపు తిరిగింది.

*

మా డెల్టాలో ఇనుపరాయి లేదు. ఆ మాటకొస్తే రాయే లేదు. అంతా కృష్ణమ్మ తెచ్చిపోసిన ఒండ్రు. మెట్టుకు వేసే రాయి కూడా బెజవాడ వైపు నుంచి రావలసిందే. మా దగ్గర ఉన్నది రేవు. గోల్కొండ సుల్తానులకు సముద్రం మీద అదే వాకిలి. 1606 నాటికే డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు ఇక్కడ కోఠీలు పెట్టారు. వాళ్లకంటే ముందు నుంచీ పారశీక వర్తకులున్నారు. బందరు అనే మాటే వాళ్లది, రేవు అని అర్థం. చాకు కూడా వాళ్ల మాటే. వాళ్లు ఆ రెండు మాటలూ మనకిచ్చి, మన దగ్గర పట్టుకెళ్లిన సరుకుల్లో ఒకటి ఉక్కు.

ఇప్పటి నిజామాబాద్ జిల్లాలో కమ్మర్‌పల్లి దగ్గర కోనసముద్రం అని ఒక ఊరు. ఆ చుట్టుపక్కలా, నిర్మల్ వైపూ మూసల్లో ఉక్కు వండేవారు. హెన్రీ వాయిసీ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు 1820ల ఆరంభంలో అక్కడికి వెళ్లి చూసి రాశాడు. రెండు రకాల ఇనుము తూకం ప్రకారం మూసలో వేసి, మూత పెట్టి మట్టితో మెత్తి, రాత్రీ పగలూ తిత్తులు ఊది కరిగించి, నెమ్మదిగా చల్లార్చేవారు. మూస మట్టిలో వరి ఊక కలిపేవారు. కాలిన ఊక ఆనవాళ్లు ఆ మూసల పెంకుల్లో ఈనాటికీ సూక్ష్మదర్శినికి అందుతాయి. వాయిసీ వెళ్లినప్పుడు ఇస్ఫహాన్ నుంచి వచ్చిన పారశీక వర్తకులు అక్కడ మకాం వేసి ఉన్నారు. తూకాలు దగ్గరుండి చూసుకుని, ఉక్కును తామే పరీక్షించి కొనుక్కునేవారట. పచారీ కొట్టులో కందిపప్పు కొన్నట్టు కొనలేదు వాళ్లు.

ఆ ముద్దలు పదిహేడో శతాబ్దంలో పదుల వేల లెక్కన కోరమాండల్ తీరం నుంచి పారశీక దేశానికి ఓడలెక్కాయి. 1652లో గోల్కొండ రాజు ఓడ మీద బందరులో దిగిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే, నీటి అలల్లాంటి చారలు తేలే కత్తులకు గోల్కొండ ఉక్కే పనికొస్తుందని రాశాడు. చిన్న రొట్టెంత ముద్ద, దాన్ని రెండుగా కోసి చూసేవారు, ఒక్కో చెక్కకు ఒక్కో కత్తి. యూరపువాళ్లు ఆ కత్తులను డమాస్కస్ నగరంలో చూసి డమాస్కస్ ఉక్కు అని పేరు పెట్టారంటారు. మనం ఆవకాయను డాలస్ పచ్చడి అన్నట్టు.

1795లో జార్జ్ పియర్సన్ అనే వైద్యుడు లండన్ రాయల్ సొసైటీలో ఈ ఉక్కు మీద పత్రం చదివాడు. అందులో దీని పేరు 'వూట్జ్'. ఉక్కు అన్న మాటను ఎవరో విన్నదానికీ, మరెవరో రాసినదానికీ మధ్య ఏదో జరిగి ఆ రూపం తేలిందని చాలామంది పండితుల అభిప్రాయం. కన్నడం వాళ్లకూ అదే మాట గనక తగువు మనం మనం తర్వాత పడొచ్చు. లండన్‌లో జేమ్స్ స్టోడార్ట్ అని చాకులూ శస్త్రచికిత్స కత్తులూ చేసే ఆయన ఉండేవాడు. యూరపులో దొరికే ఏ ఉక్కుకంటేనూ ఈ వూట్జే తనకు నచ్చిందని తన దుకాణం కార్డు మీద అచ్చు వేయించుకున్నాడు. ఆయనకు దీని గుట్టు తెలుసుకోవాలనిపించింది. తోడు ఎవర్ని పిలిచాడనుకున్నారు? మైకేల్ ఫారడేని. కరెంటు జోలికి పోకముందు, కమ్మరి కొడుకైన ఆ ఫారడే 1819లో మన ఉక్కు ముక్కను పరీక్షించి, దీని మహత్తు అల్యూమినియం వల్ల కాబోలు అనుకున్నాడు. పొరపాటు. కాని ఆ పొరపాటే మేలు చేసింది. అలాంటిది తామూ చేద్దామని స్టోడార్ట్, ఆయనా కలిసి ఉక్కులో వెండీ, ప్లాటినమూ, రోడియమూ ఒక్కొక్కటే కలిపి చూశారు. పనిగట్టుకుని వేరే లోహం కలిపి ఉక్కు గుణం మార్చాలన్న ప్రయత్నాల్లో అది తొలినాటిది. నా జేబులో చాకుకు తాతముత్తాతల జాబితా రాస్తే ఆ కొలిమి అందులో ఉంటుంది.

అసలు గుట్టు విప్పడానికి ఇంకో 180 ఏళ్లు పట్టింది. అమెరికాలో వెర్‌హోవెన్ అనే ప్రొఫెసరూ, పెండ్రే అనే గుర్రపు నాడాల కమ్మరీ కలిసి ఏళ్ల తరబడి కొలిమి దగ్గర కూర్చుని 1998లో ఒక సంగతి తేల్చారు. కత్తి మీద అలలు తేలడానికి కారణం ఇనుపరాయిలో తనంతట తానుగా ఉన్న ఇతర లోహాల జాడ. అందులో ముఖ్యమైనది వెనేడియం. పది లక్షల పాళ్లలో కొన్ని పదుల పాళ్లుంటే చాలు. ముద్దను కాల్చి, కొట్టి, మళ్లీ కాల్చి కొడుతుంటే ఆ జాడ పట్టుకుని కార్బైడ్ రేణువులు వరసలు కడతాయి. ఆ జాడ ఉన్న రాయి గనుల్లో అయిపోయాక కత్తుల మీద అలలు రావడం మానేశాయని, ఎందుకు రావట్లేదో కమ్మరులకు తెలియక విద్యే అంతరించిందని వాళ్ల ఊహ.

వెనేడియం! లోకానికి ఆ పేరు తెలిసిందే 1830లో. తావెర్నియే కాలంలో బందరు రేవులో ఓడకెత్తిన ముద్దల్లో అది పేరు లేకుండా కూర్చుని ఉంది. మన ముద్దలో కార్బను నూటికి ఇంచుమించు ఒకటిన్నర పాళ్లు ఉండేది. ఎస్30వీలో 1.45. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా వాడు డాలస్ నుంచి తెచ్చింది మా రేవు దాటిపోయిన సరుకుకు ముని మనవడనిపించింది.

తెల్లారేసరికి ఆ పొంగు కొంత చల్లారింది. ఇలాంటివి చదవగానే 'అంతా మనదే' అని ఛాతీ విరిచే సందేశాలు నా ఫోనుకు రోజూ వస్తాయి. మనదే, కాదనను. అరబ్బులు మంచి కత్తిని 'ముహన్నద్' అన్నారు, హిందూదేశపుది అని. కాని బందరు నుంచి ఎక్కువగా వెళ్లింది ముద్ద. ఆ ముద్దను యూరపు కమ్మరులు తమ ఇనుములాగే తెల్లగా కాలేదాకా కాల్చి సమ్మెట వేస్తే పటుక్కున పగిలేది. తక్కువ ఎరుపు మీద ఓపిగ్గా కొట్టాలని తెలిసినవాళ్లు ఇస్ఫహాన్ కమ్మరులు. వాళ్లు కత్తి మీద తమ పేరు చెక్కుకున్నారు. మూస ముందు కూర్చుని కళ్లు కాల్చుకున్న కోనసముద్రం మనిషి పేరు ఎవరూ రాసిపెట్టలేదు. నా ఫిర్యాదు ఇస్ఫహాన్ మీద కాదు, మన మీదే.

ఇంకో సంగతి. ఇప్పుడు డమాస్కస్ అని చారల కత్తులు అమ్ముతున్నారు. వాటిలో మంచివి రెండు రకాల ఉక్కు రేకులు పొరలుగా అతికి మడిచి కొట్టినవి. అదొక గొప్ప పనే గాని, మూస ఉక్కు కాదు. చవకరకమైతే మామూలు కత్తి మీద యంత్రంతో గీసిన బొమ్మ. చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ పక్కన పుట్టినవాణ్ణి, పైమెరుపును గీకి చూడకుండా నమ్మను. చిలకలపూడివాళ్లు నయం, ఇది రోల్డ్‌గోల్డ్ అని చెప్పి మరీ అమ్ముతారు.

*

మళ్లీ నాగాయలంక వెళ్లినప్పుడు కాలవగట్టు మీద తాళ్లు గీసే మనిషికి చాకు చూపించాను. ఆయన నడుముకున్న కత్తి నాకు చిన్నప్పటి నుంచీ వింత. రేకంత పలచన, మంగలి కత్తిని సిగ్గుపడేలా చేసే పదును. అలా లేకపోతే కుదరదు. తాటిగెల కొసను పొద్దునా సాయంత్రం కాగితమంత మందాన చెక్కాలి. మొద్దుకత్తితో చెక్కితే కొస నలిగి, కల్లు ఊరే దారులు మూసుకుపోతాయి, లొట్టిలో చుక్క పడదు. అందుకని చెక్కపలక మీద తెల్లరాతి పొడి చల్లి, చెట్టెక్కే ముందు కత్తిని నాలుగుసార్లు లాగుతాడు. రెండు నిమిషాల పని.

చాకును బొటనవేలికి అడ్డంగా తగిలించి చూశాడు. నొక్కుల దగ్గర ఆగాడు. "ఇదేటండీ, రాయి కొట్టారా?" అన్నాడు. మామిడి టెంక అన్నాను. పదును ఎన్నాళ్లుంటుందని అడిగాడు. మామూలు వాడకానికి ఆరు నెలలు చూడక్కర్లేదట అన్నాను. పోయాక ఎలా పెట్టుకోవాలన్నాడు. సానచక్రం పనికిరాదనీ, విడిగా సరంజామా తెప్పించాలనీ చెప్పాను. ఆయన నవ్వలేదు, నాకే నవ్వొచ్చింది. "చెట్టు మీంచి జారిపడితే ముక్కెగిరిద్దాండీ?" అన్నాడు ఆఖరికి. ఎగురుతుందన్నాను. చాకు తుడిచి జాగ్రత్తగా నా చేతిలో పెట్టాడు.

చాకుల మీద మోజున్నవాళ్లు పదును ఎంతకాలం నిలుస్తుందో లెక్కలు కడతారు. దళసరి తాళ్లు వందల కొద్దీ కోసి మరీ చూస్తారట. పదును మీద బతికేవాళ్ల లెక్క వేరు. కమ్మరి లారీ కమాను పట్టీ కోసి చేసిన కత్తి అంత గట్టిది కాకపోవచ్చు, రోజూ మొద్దుబారవచ్చు. మొద్దుబారిన చోటే, చేతికందిన రాతి మీదే మళ్లీ పదునెక్కుతుంది. ఆవకాయ రోజు నాకు కావలసింది అలాంటిది. ఎస్30వీ గొప్పది కాదని అనను. పడవ మీద వారాల తరబడి ఉండేవాడికి, సానరాయి దొరకని చోటికి పోయేవాడికి అది దేవుడే. నాలాంటి పెన్షనరుకు అవసరానికి మించిన దేవుడు.

చివరికి మా వాడే ఎవరితోనో సరంజామా పంపాడు. అరచెయ్యంత ఇనుప పలక, దాని మీద వజ్రపు పొడి. వెనేడియం కార్బైడ్‌ను అరగదీయాలంటే వజ్రం పనికొస్తుంది. పలక చేతిలో పట్టుకుని కాసేపు కూర్చుండిపోయాను. తావెర్నియే బందరులో దిగింది ఉక్కు కోసం కాదు, వజ్రాల కోసం. కృష్ణ ఒడ్డునే కొల్లూరు గనులు. ఒకే నది పక్కన వజ్రాలు, ఒకే రేవులో ఉక్కు, రెండూ ఓడలెక్కాయి. ఇప్పుడు రెండూ కొరియర్లో మా ఇంటికొచ్చాయి. ఈ వజ్రం కృత్రిమమైనదే లెండి, ఫ్యాక్టరీలో చేసింది.

మూడు సాయంత్రాలు అరుగు మీద కూర్చుని రుద్దాను. నొక్కులు పోయాయి. చాకు ఒక నూలుపోగంత సన్నబడింది. నా చెయ్యి వారం రోజులు నొప్పెట్టింది. సాన ఆయన వస్తే పలక చూపించాను. వేలితో తడిమి, ధర అడిగి, "నాకెందుకులెండి, మన వీధిలో ఆ చాకు ఒక్కటేగా" అన్నాడు.

మా మేనత్త కత్తిపీటకు పదును పెట్టేది నూతిచప్టా అంచు రాతి మీద. బెజవాడ నుంచి కాలవ పడవలో తెచ్చిన రాయి అది. ఉప్పెనకు ముందు నుంచీ అక్కడే ఉంది. మా మేనత్తా, ఆవిడ అత్తగారూ, వాళ్లకు ముందువాళ్లూ రుద్దీ రుద్దీ అక్కడ దోసెడు గుంట పడింది.

2024 డిసెంబరు ఆఖర్లో మా వాడు ఫోను చేశాడు. క్రూసిబుల్ కంపెనీ దివాలా పిటిషను వేసిందట. నూటపాతికేళ్ల నాటి మూస. తర్వాత కొన్నాళ్లకు దాని ఆస్తుల్లో కొన్ని ఎరాస్టీల్ అనే ఫ్రెంచి కంపెనీ కొనుక్కుంది. "ఇక ఆ ఉక్కు అంత తేలిగ్గా దొరక్కపోవచ్చు మావయ్యా, దాంతో మామిడికాయలు కొయ్యకు" అన్నాడు.

కొయ్యను. నిరుడు ఆవకాయకు కాయలన్నీ కత్తిపీట మీదే తరిగాం.